జాన్ హీత్‌కోట్ నెట్టు, దాని మీద కుట్టిన చేతులు

మన సంఘాల్లో పెళ్ళి అంటే తెల్ల చీర, చేతిలో పూలగుత్తి, తల మీద నెట్ ముసుగు. ముసుగు అంచుల వెంబడి తీగలు, పూలు, ఆకులు కుట్టి ఉంటాయి. పెళ్ళికూతురు చర్చి నడవలో నడుస్తుంటే వెనక ఇద్దరు చిన్నపిల్లలు దాని కొసలు పట్టుకుని తడబడుతూ వస్తారు. ఫోటోగ్రాఫరు దాన్ని సర్దించేలోగా పాటలో రెండు చరణాలు అయిపోతాయి. మనకు ఇంత పరిచయమైన ఈ బట్ట రెండు వందల ఏళ్ళ కిందటి వరకు గొప్ప ఇళ్ళవాళ్ళకు తప్ప దొరికేది కాదు. దాన్ని అందరికీ అందేటట్టు చేసిన మనిషి పేరు జాన్ హీత్‌కోట్. యంత్రాల చరిత్ర చదివినవారికి ఆయన బాగా తెలుసు. ఆయన జీవితం చెప్పుకోదగ్గ జీవితమే. కాని ఆయన నెట్ మీద సూదితో పూలు కుట్టిన ఆడవాళ్ళను పక్కన పెట్టి చెబితే అది సగం కథే అవుతుంది. మామూలుగా అందరూ చెప్పేది ఆ సగమే.

ముందు నెట్ సంగతి. హీత్‌కోట్‌కు ముందు సన్నని నెట్ అంతా చేత్తోనే అల్లేవారు. గట్టిగా కూరిన దిండు ఒడిలో పెట్టుకుని, దాని మీద గుండుసూదులు గుచ్చి, డజన్ల కొద్దీ చిన్న కొయ్య బాబిన్లకు చుట్టిన దారాలను ఒకదాని మీదుగా ఒకటి వేస్తూ, తిప్పుతూ, ఒక్కో కన్ను అల్లుకుంటూ పోవాలి. ఆరు వైపులున్న ఆ చిన్న కన్ను తేనెపట్టు గదిలా ఉంటుంది. అరచేయంత నెట్ తయారయ్యేసరికి రోజులు గడిచిపోయేవి. ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న డెవన్ జిల్లాలో హానిటన్ అనే ఊరు ఈ పనికి పేరుపడింది. అక్కడ నెట్‌కు వెల కట్టే పద్ధతి ఒకటి ఉండేదని చెబుతారు. అల్లిన నెట్‌ను బల్ల మీద పరిచి, అది పూర్తిగా కప్పుకుపోయేదాకా షిల్లింగు నాణేలు పేర్చి, ఆ నాణేలే అల్లినామెకు ఇచ్చేవారట. పూలూ ఆకులూ తర్వాత సంగతి. ఉట్టి నెట్టుకే అంత విలువ.

హీత్‌కోట్ 1783 ఆగస్టు 7న డెర్బీషైర్‌లోని డఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టారు. ఉన్నవాళ్ళేం కాదు, మామూలు రైతు కుటుంబం. చిన్నతనంలోనే మేజోళ్ళు అల్లే మగ్గాలను తయారుచేసి బాగుచేసే పనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. ఆ ప్రాంతంలో అప్పుడు ఇంటింటా అలాంటి మగ్గాలు ఉండేవి. ఇనుప ముక్కలు, స్ప్రింగులు, కొక్కేలు, సూదులు ఆయనకు చేతి పొడుగునా తెలిసిపోయాయి. తర్వాత నాటింగ్‌హామ్ చేరి, అక్కడ మగ్గాలు బిగించే పనివాడిగా మంచి పేరు తెచ్చుకున్నారు. ఇంకా కుర్రవాడిగా ఉండగానే ఒక ఆలోచన ఆయన్ని పట్టుకుంది. దిండు మీద ఆడవాళ్ళు అల్లే నెట్‌ను యంత్రం చేత ఎందుకు అల్లించకూడదు?

అప్పటికి చాలామంది ఆ ప్రయత్నం చేసి వదిలేశారు. చెయ్యి చేసే పనిని యంత్రం చేత యథాతథంగా చేయించబోవడమే వాళ్ళు పడిన చిక్కు. దిండు మీద అన్ని బాబిన్లూ అటూ ఇటూ కదులుతుంటాయి. వాటన్నిటినీ ఒకేసారి కదిలించే యంత్రం కట్టడం ఎవరి వల్లా కాలేదు. హీత్‌కోట్ ఏం చేశారంటే, ఒక లేసు అల్లే ఆమె పక్కన కూర్చుని, ఒక్కో దారం ఎటు వెళ్తోందో ఓపిగ్గా గమనించారు. చూడగా చూడగా దారాల్లో సగం నిలువుగా నిలిచి ఉంటే చాలనీ, మిగతా సగం వాటి చుట్టూ చుట్టుకుంటూ ఐమూలగా సాగితే చాలనీ అర్థమైంది. మన చేనేతవారి మాటల్లో చెప్పాలంటే సగాన్ని పడుగుగా నిలబెట్టి, సగాన్ని పేకగా తిప్పారు. పేక దారాన్ని నాణెమంత పల్చని ఇత్తడి బిళ్ళల్లో చుట్టారు. ఆ బిళ్ళలు రెండు పడుగు దారాల సందులోంచి దూరి అవతలికి వెళ్ళి, పక్క సందులోంచి తిరిగి వస్తాయి. మన కుట్టుమిషన్ అడుగున ఉండే బాబిన్ చూసినవాళ్ళకు ఆ బిళ్ళ ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. 1808లో ఒక పేటెంటు, 1809లో మెరుగుపరిచిన యంత్రానికి మరొకటి తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 25.

భార్య ఆన్ గురించి ఒక ముచ్చట ఆయన జీవితం రాసినవాళ్ళంతా చెబుతారు. నెలల తరబడి యంత్రం కుదరక, చేతిలో డబ్బు కరిగిపోతున్న రోజుల్లో ఆమె ప్రతి సాయంత్రం పని ఎంతవరకు వచ్చిందని అడిగేదట. విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చిందని ఆయన చెప్పిన రోజున ఏడ్చేసిందట. చివరికి ఒకరోజు ఆయన ఒక సన్నని నెట్ ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. యంత్రం అల్లిన మొదటి నెట్ ముక్క అదే.

ఆ తర్వాత ధరల కథ చూస్తే కళ్ళు తిరుగుతాయి. తొలిరోజుల్లో యంత్రం మీద అల్లిన నెట్ చదరపు గజం 5 పౌండ్లకు అమ్మేవారు. పేటెంటు గడువు 1823లో ముగిసింది. ఇక ఎవరైనా ఆ యంత్రం పెట్టుకోవచ్చు. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల జనానికి నెట్ జ్వరం పట్టింది. దాచుకున్న డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు యంత్రాల్లో పోశారు. 1840ల నాటికి అదే చదరపు గజం ఆరేడు పెన్నీలకు దిగింది. 5 పౌండ్లంటే ఆనాటి లెక్కలో 1,200 పెన్నీలు. బల్ల మీద షిల్లింగులు పేర్చి కొన్న వస్తువు గంపల్లో పెట్టి అమ్మే సరుకైపోయింది.

ఈ మధ్యలో జరిగిన ఒక రాత్రి గురించి ఆగి చెప్పాలి. 1816 జూన్ 28. హీత్‌కోట్ ఫ్యాక్టరీ అప్పుడు లెస్టర్‌షైర్‌లోని లఫ్‌బరోలో ఉండేది. ముఖాలు కప్పుకున్న మనుషులు సుత్తులు, తుపాకులు పట్టుకుని లోపలికి చొరబడ్డారు. కాపలా ఉన్న ఒకాయనకు తుపాకి దెబ్బ తగిలింది. తెల్లవారేసరికి 55 యంత్రాలు తుక్కుతుక్కయ్యాయి. అల్లి ఉంచిన లేసును తగలబెట్టారు. యంత్రాలు తమ కూడు లాక్కుంటున్నాయని వాటిని పగలగొడుతూ తిరిగిన ఈ మనుషులను చరిత్రలో లడ్డైట్లు అంటారు. వాళ్ళంతా అవివేకులనీ, అభివృద్ధికి అడ్డుపడ్డారనీ రాసేసి చాలామంది ముందుకు సాగిపోతారు. మేము అలా సాగిపోలేం. ఆ ఏడాది పనివాళ్ళ కూలి తగ్గించారన్న కోపం కూడా ఆ సుత్తుల వెనక ఉందని చరిత్రకారులు రాశారు. నెపోలియన్ యుద్ధం అప్పుడే ముగిసింది. వ్యాపారం పడిపోయింది, రొట్టె ధర దిగలేదు. ఆ రాత్రి చేసింది నేరమే, కాదనం. ఆకలి కూడా అబద్ధం కాదు. ఆ కేసులో జేమ్స్ టౌల్ అనే అతన్ని ఆ నవంబరులోనే ఉరితీశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఇంకో ఆరుగురిని లెస్టర్‌లో ఉరితీశారు. 55 యంత్రాలకు ఏడు ప్రాణాలు. ఉరి తీయించినది హీత్‌కోట్ కాదు, ఆనాటి చట్టం. అయినా ఆ లెక్క మా మనసులోంచి పోదు.

నష్టపరిహారంగా హీత్‌కోట్‌కు 10,000 పౌండ్లు మంజూరయ్యాయి. ఆ డబ్బు ఆ జిల్లాలోనే ఖర్చు పెట్టాలన్న షరతు పెట్టారు. ఆయన వద్దన్నారు. అప్పటికే డెవన్‌లోని టివర్టన్ అనే ఊళ్ళో, ఎక్స్ నది ఒడ్డున మూతపడి ఉన్న ఒక పెద్ద మిల్లు కొని ఉంచారు. కాబట్టి దాడి వల్లనే ఊరు విడిచారనడం పూర్తిగా నిజం కాదు. వెళ్ళే ఆలోచన ముందే ఉంది, దాడి తొందర పెట్టింది. ఆయనతోపాటు వందలమంది పనివాళ్ళు పెళ్ళాం పిల్లలతో బయల్దేరి, దాదాపు 200 మైళ్ళ దారి నడిచి టివర్టన్ చేరారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. యజమాని మీద నమ్మకం లేకపోతే అంత దూరం ఎవరూ నడవరు. ఉన్నికి పేరుపడి ఆ వ్యాపారం పోగొట్టుకున్న ఆ ఊరికి హీత్‌కోట్ మిల్లు మళ్ళీ ఊపిరి పోసింది. టివర్టన్‌కు ఒక రోజు నడకలోనే హానిటన్ ఉంది. దిండు మీద నెట్ అల్లే ఆడవాళ్ళ గుమ్మం ముందుకే ఆ పనిని మింగేసే యంత్రం వచ్చి కూర్చుందన్నమాట.

ఉట్టి నెట్ అల్లే పని పోయింది. అయితే లేసు పని పూర్తిగా పోలేదు, రూపు మార్చుకుంది. నెట్ చౌకగా దొరుకుతోంది కనుక ఇక దాని మీద సూదితో లేసు నమూనా కుట్టవచ్చు. హానిటన్ ఆడవాళ్ళు పూలూ ఆకులూ విడివిడిగా అల్లి యంత్రపు నెట్ మీద అతికించి కుట్టడం మొదలుపెట్టారు. ఇంకోచోట నేరుగా నెట్ మీదే కుట్టారు. ఆ పని తీరు ఇది. నెట్‌ను కొయ్య చట్రానికి బిగుతుగా కట్టి, నమూనా గీసిన కాగితాన్ని కింద పెడతారు. నెట్ పారదర్శకం కనుక గీత పైకి కనిపిస్తుంది. ముందు కొంచెం లావు దారంతో పువ్వు అంచు వెంట కన్నులోంచి కన్నులోకి సూది పోనిస్తారు. తర్వాత సన్న దారంతో రేకుల లోపల రకరకాల నింపుడు కుట్లు వేస్తారు. ఒక రేకులో గళ్ళు, ఇంకో రేకులో చుక్కలు, మూడోదాంట్లో ఐమూల గీతలు. ఒక్క కన్ను తప్పితే ఆ వరసంతా విప్పాలి. సూదికి బదులు కొక్కెంతో చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. పైనుంచి కొక్కెం దింపి కింది దారాన్ని లాగి గొలుసు కుట్టు వేస్తారు. మన ఊళ్ళలో జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే చెల్లెళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. వాళ్ళు పట్టే ఆరీ సూది, అక్కడివాళ్ళు పట్టిన కొక్కెం ఒకే కుటుంబం. ఈ గొలుసు కుట్టు పని 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది మన తూర్పు దేశాల నుంచే.

ఐర్లండులో ఈ పని వేళ్ళూనడంలో చర్చి మనుషుల చెయ్యి ఉంది. 1820 ప్రాంతంలో డోనమోయిన్ అనే ఊరి పాదిరిగారి భార్య, గ్రే పోర్టర్ అమ్మగారు, ఇటలీలో చూసిన పనిని తన చుట్టూ ఉన్న అమ్మాయిలకు నేర్పించారు. నెట్ మీద పల్చని మస్లిన్ పరిచి, నమూనా అంచు కుట్టి, మిగతా మస్లిన్‌ను కత్తిరించేసే ఆ పని తర్వాత కారిక్‌మాక్రాస్ లేసుగా పేరు తెచ్చుకుంది. 1840ల్లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువు వచ్చినప్పుడు, ఆ ప్రాంతంలో ఈ పని నేర్పే బడులు తెరిచి ఇళ్ళల్లో పొయ్యి వెలిగేటట్టు చేశారు. 1829లో చార్లెస్ వాకర్ అనే ఇంగ్లీషాయన 24 మంది అమ్మాయిలను వెంటబెట్టుకుని లిమెరిక్ పట్టణానికి వచ్చి, నెట్ మీద కుట్టే పని అక్కడ మొదలుపెట్టారు. ఆయన పాదిరి కావాలని చదివి, లేసు వ్యాపారి కూతుర్ని పెళ్ళాడి, ఈ పనిలోకి దిగినవాడు. లిమెరిక్ లేసు ఈ రోజుకీ బతికే ఉంది.

ఇక నాటింగ్‌హామ్. అక్కడి సంగతి వేరు. వేలమంది ఆడవాళ్ళు, పిల్లలు ఇళ్ళలో కూర్చుని నెట్ మీద పూలు కుట్టేవారు. గిడ్డంగి యజమాని నెట్ ఇచ్చేది ఒక ఏజెంటమ్మకు. ఆమె ఇంకొకామెకు ఇచ్చేది. ఆమె ఇంకో ఇంటికి. మధ్యలో ప్రతి చెయ్యీ తన వాటా ఉంచుకునేది. చివర్న సూది పట్టిన చేతికి మిగిలేది పొట్ట నిండని కూలి. నెట్ ధర దిగిన కొద్దీ దాని మీద కుట్టిన పూల ధర కూడా దిగింది. ఐదారేళ్ళ పిల్లల్ని చట్రం ముందు కూర్చోబెట్టేవారు. పన్నెండు గంటలు, పద్నాలుగు గంటలు వంగి కూర్చోవడం, కొవ్వొత్తి వెలుగులో కన్నులు లెక్కపెట్టడం. నల్ల నెట్ అయితే మరీ కష్టం. చూపు మందగించేది, వెన్ను వంగిపోయేది. అన్నిటికన్నా మింగుడుపడని సంగతి, చంటిబిడ్డ ఏడిస్తే పని ఆగిపోతుందని, గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అనే నల్లమందు కలిపిన మందు బిడ్డ నోట్లో పోసి పడుకోబెట్టేవారు. కొందరు పిల్లలు మళ్ళీ లేవలేదు. ఇది కట్టుకథ కాదు. పిల్లల చేత చేయించే పనుల మీద విచారణకు వేసిన కమిషన్ 1843లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో ఉన్న సంగతి. దానికి ముందు 1840లో ఈ కుట్టుపని ఆడవాళ్ళే కలిసికట్టుగా ఏజెంట్ల మీద సమ్మెకు దిగారు. ఆ సమ్మె నిలవలేదు. నిలవకపోయినా, ఇళ్ళలో విడివిడిగా కూర్చుని పనిచేసే ఆడవాళ్ళు ఒక్కచోటికి చేరడమే మాకు గొప్పగా కనిపిస్తుంది.

ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చిననాడు హీత్‌కోట్ ఆ సభలోనే సభ్యులు. 1832 నుంచి 1859 వరకు టివర్టన్ ప్రజలు ఆయన్ని ఎన్నుకుంటూ వచ్చారు. 1835 నుంచి ఆ ఊరి రెండో సభ్యుడు పామర్‌స్టన్, తర్వాత ప్రధానమంత్రి అయినాయన. హీత్‌కోట్ సభలో పెద్దగా మాట్లాడే మనిషి కాదంటారు. మాటకన్నా ఇనుమే ఆయనకు సులువు. ఆవిరితో నడిచే నాగలి కోసం ఎంతో డబ్బు ఖర్చు పెట్టి 1832లో దానికి పేటెంటు తీసుకున్నారు. టివర్టన్‌లో పనివాళ్ళ పిల్లల కోసం బడి కట్టించారు. ముసలితనంలో మిల్లు నుంచి తప్పుకునేదాకా ఆయన్ని పనివాళ్ళు ప్రేమించారనే అన్ని వర్ణనలూ చెబుతున్నాయి. మేము దాన్ని నమ్ముతాం. తన కంటి ముందు ఉన్న పనివాడిపట్ల ఆయన మంచి యజమానే. నాటింగ్‌హామ్ ఏజెంట్ల పాపం ఆయన నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఆ గిడ్డంగులు ఆయనవి కావు. కాని ఆయన యంత్రం నుంచి బయల్దేరిన నెట్ ఎక్కడికి వెళ్తుందో, దాని చివర ఎవరు కూర్చుని కుడుతున్నారో అడగడం ఆ రోజుల్లో ఎవరి పనీ కాలేదు. మిల్లు గేటు లోపలి కూలి కనిపిస్తుంది. గేటు దాటి నాలుగు చేతులు మారాక ఒక గుడిసెలో ఇచ్చే కూలి కనిపించదు.

ఇంగ్లండు సంగతి మనకెందుకు అని ఎవరైనా అనుకుంటే నరసాపురం వైపు చూడమంటాం. అక్కడిది నెట్ మీద కుట్టే పని కాదు, కొక్కెంతో దారం అల్లే క్రోషే లేసు. గోదావరి డెల్టాలో ఆ పనికి 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలే బీజం వేశాయి. పేద క్రైస్తవ స్త్రీలకు నాలుగు రాళ్ళు దొరకాలని నేర్పిన పని అది. తర్వాత కులమతాలు దాటి ఇంటింటికీ పాకి విదేశాలకు వెళ్ళింది. జర్మనీకి చెందిన పండితురాలు మరియా మీస్ ఆ ఆడవాళ్ళ మధ్య ఉండి పరిశోధించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లే స్త్రీని కూడా పనిమనిషిగా కాక, ఖాళీ సమయం గడుపుకుంటున్న గృహిణిగానే లెక్కగట్టడం వల్ల కూలి ఎంత కిందికి పోయిందో ఆమె చూపించారు. అక్కడా మధ్యలో ఏజెంట్లే. మన సంఘాల్లో వెనక వరసల్లో కూర్చునే అమ్మలు కొందరు ఆ వేళ్ళతోనే కానుక సంచిలో నాణేలు వేశారు.

హీత్‌కోట్ బతికి ఉండగానే ఆయన నెట్‌కు కూడా పోటీ వచ్చింది. 1841లో లేసు యంత్రానికి జక్కార్డు పరికరం తగిలించారు. ఇక పువ్వూ ఆకూ కూడా యంత్రమే అల్లేస్తుంది. సూదితో కుట్టే ఆడవాళ్ళకు ఉన్న ఆ కొద్దిపాటి పనీ ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. టివర్టన్ మిల్లు మాత్రం మనవడి చేతికి వెళ్ళి నిలబడింది. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. 2021లో అంగారక గ్రహం మీద దిగిన పర్సివరెన్స్ నౌకకు కట్టిన పారాచూట్ బట్ట అక్కడ నేసిందే.

హీత్‌కోట్ 1861 జనవరి 18న టివర్టన్ దగ్గరి బోలం ఇంట్లో 77 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పిల్లల పనిగంటలకు హద్దు పెట్టిన 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం లేసు మిల్లులను వదిలేసింది. ఆయన పోయిన ఏడాదే, వేసవి చివర్లో, లేసు ఫ్యాక్టరీలను కూడా ఆ హద్దుల కిందికి తెస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఇళ్ళలో కూర్చుని నెట్ మీద కుట్టే ఆడవాళ్ళు ఆ చట్టంలో లేరు.